కొలబద్ద చూసొచ్చే అక్క

లైబ్రరీలో చదివే ఇంత నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకునేవాణ్ని. అందుకే అక్కడ దొరకని పాఠం ఎవరు నేర్పారో రాసిపెట్టడం న్యాయం.

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మా పైవాటా అక్క వరదలపై పరిశోధన చేసేది. కంప్యూటర్ ఏం చెప్పినా, ఎల్బే నది ఒడ్డుకు వెళ్లి కొలబద్ద మీద నీటిమట్టం చూడందే ఊరుకునేది కాదు.

నది పొంగిన రోజు నా నేలమాళిగ గదినిండా లైబ్రరీ పుస్తకాలే.

“నీ కంప్యూటర్ మోడల్ మన వీధికి నీళ్లు రావంది కదక్కా!” అన్నాను ధీమాగా.

“అది పొద్దుగాలటి కొలతతో చెప్పింది తమ్మీ. ఇప్పుడు జానెడు ఎక్కువున్నయి. అది కలిపి మళ్ల లెక్క కట్టిన, వస్తయి. పుస్తకాలు పైకి తే!”

సాయంత్రానికి గదిలో మోకాలి లోతు నీళ్లు. ఒక్క పుస్తకమూ తడవలేదు.

పుస్తకాలు మోసిపెట్టిన నా స్నేహితులు సాయికి, శ్రావణికి, వాటికి పై అంతస్తులో చోటిచ్చిన పొరుగామె హాన్నాకు కృతజ్ఞతలు. అక్క మాత్రం తన పేరు రాయొద్దంది. “థాంక్స్ ఆ కొలబద్దకు చెప్పు” అంది. చెప్పి వచ్చాను.