అత్త మజుంగు పొడుంబుర్ర

మా తుగేలా ఏటి లోయలో పొడుంబుర్రలు అల్లడంలో ఖొంబాఫిని మించినవాళ్లు లేరు. నిమ్మకాయంత సొరబుర్ర చుట్టూ రాగి, ఇత్తడి తీగలతో ఉడుము చర్మంలాంటి అల్లిక వేసేది. వాటిలోకెల్లా గొప్పది ఆమె అత్తగారు మజుంగు మెడలో వేలాడేది. ముసలమ్మ అందులోని ముక్కుపొడుం పీల్చి తుమ్మితే ఏటి అవతల మేకలు తలెత్తి చూసేవి.

"నేను పోయినప్పుడు ఇది నాతో రావాల్సిందేనే. నీ కళ్లు దీనిమీదే ఉన్నాయని నాకు తెలీదనుకున్నావా?" అనేది కోడలితో.

"తీసుకుపో అత్తా. అక్కడ తుమ్మి మట్టి ఎగరగొట్టకపోతే చాలు!" అని కోడలు నవ్వేది.

ఆ చలికాలంలో ముసలమ్మ పోయింది. శవాన్ని చాపలో చుడుతుంటే, ఆ బుర్రను అందులో పెట్టడానికి ఖొంబాఫికి చేతులు రాలేదు. అలాంటి అల్లిక మళ్లీ తన వేళ్లకు రాదనిపించింది. తీగ లేని ఉత్త బుర్రలో పొడుం పోసి చాపలో పెట్టింది. అసలుదాన్ని అందులోని పొడుంతో సహా జొన్నల కుండలో దాచింది.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం, గుడిసెలో చనిపోయిన పెద్దలకు బీరు పెట్టే మూల నుంచి తుమ్ము వినిపించింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె కుండలో చెయ్యి పెట్టి బుర్ర తీసింది. బిరడా బిగించినట్టే ఉంది. లోపల చిటికెడు పొడుం కూడా లేదు. పై వరస తీగ ఎవరో విప్పి, పొందిగ్గా ఉండ చుట్టి పెట్టారు. ఆమె మళ్లీ అల్లింది. మర్నాడు రెండు వరసలు ఊడి ఉన్నాయి.

ఆ రోజు తుమ్ము ఆమె భర్త భెకుయిసే కూడా విన్నాడు. అతను పార పక్కన పెట్టి గుడిసెలోకి వచ్చాడు.

"అది మా అమ్మ తుమ్మే. ఏం చేశావే నువ్వు?"

ఆమె బుర్ర తెచ్చి చూపించింది. "నా చేతిపని కదయ్యా. మట్టిపాలు చెయ్యడానికి మనసొప్పలేదు."

"నాకెందుకు చెప్తావ్? ఆవిడకి చెప్పు, పద!"

తప్పు కాయమని మేకను కోసి, సమాధి దగ్గరికి వెళ్లారు. పేర్చిన రాళ్లు కదల్లేదు. తలవైపు రాళ్లు తీసి భెకుయిసే తవ్వాడు. జానెడు లోతు దిగకముందే పార దేనికో తగిలింది. నిలువెత్తు గోతి అడుగున, శవంతోపాటు చాపలో చుట్టి పెట్టిన ఉత్త బుర్ర ఇంత పైకి వచ్చి ఉంది. అందులో పోసిన పొడుం పోసినట్టే ఉంది.

ఖొంబాఫి గుంట పక్కన మోకరిల్లింది. "తప్పయిపోయింది అత్తా, తీసుకో" అంటూ అసలు బుర్రను నిండా పొడుంతో ఆ గుంటలో పెట్టింది. ఆ తర్వాత తుమ్ము వినిపించలేదు.

రెండేళ్లు ఆమె తీగ ముట్టలేదు. మళ్లీ మొదలుపెట్టాక, పని పూర్తయిన బుర్రను ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచేది కాదు. వాన కురుస్తున్నా సరే, కొంగులో చుట్టుకుని గుట్టలెక్కి వెళ్లి, అడిగినవాళ్ల చేతిలో పెట్టి వచ్చేది.