మా తాతమ్మ మోసిన నింద, నాకు వచ్చిన జబ్బు

అది కార్తీక సోమవారం. మధ్యాహ్నం భోజనానికి కూర్చొని, ముక్కల పులుసు కలిపిన అన్నం మొదటి ముద్ద నోట పెట్టుకున్నాను. నాలుక మీద ఇనుప మేకు ఉంచినట్లయింది. మంచినీళ్ళు పుక్కిలించి మళ్ళీ తిన్నాను. అదే రుచి. అంతకు ముందు నెల రోజులుగా ఉదయం లేవగానే వికారం, ఒళ్ళంతా దురద ఉన్నాయి. నడుముకు రెండు పక్కలా బరువు పట్టినట్టు ఉండేది గానీ, అది ఏళ్ళ తరబడి ఉన్నదే కనుక లెక్క చేయలేదు. ఆ రుచి మాత్రం కొత్తది. దానిని నేను జబ్బు అనుకోలేదు. వంట చేసిన మనిషి వైపు చూశాను.

ఆ మనిషి నా కోడలు నాగలక్ష్మి. హంసలదీవి దగ్గర సముద్రపు వేట మీద బతికే కుటుంబం వారిది. మాది మూడు తరాలుగా మాస్టర్ల ఇల్లు, లూథరన్ క్రైస్తవ సంఘం. నేను ముప్పై నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి గుడివాడలో స్థిరపడ్డాను. మా అబ్బాయి ప్రసాదు కృత్తివెన్ను చెరువుల వైపు రొయ్యల మేత అమ్మే ఉద్యోగంలో తిరుగుతూ ఆ అమ్మాయిని ఇష్టపడ్డాడు. నాకు ఇష్టం లేకుండానే పెళ్ళి జరిగింది. ఆమె క్రిస్మసుకు మాతో గుడికి వస్తుంది, కార్తీక సోమవారాలు ఉపవాసమూ ఉంటుంది. నా భార్య పోయిన తర్వాత ఆరేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నది ఆమే.

మా ఇంట ఒక ఆచారం ఉంది. వండిన స్త్రీ అందరి ఎదుటా మొదటి ముద్ద తాను తిన్న తర్వాతనే వడ్డిస్తుంది. మా అమ్మ అలా చేసింది, నా భార్య చేసింది. ఎందుకో నేనెన్నడూ అడగలేదు. కోడలు వచ్చిన కొత్తలో చెబితే నవ్వి, "మా ఇంట్లో అయితే ముందు తింటే మా అమ్మ తిడద్ది మావయ్యా" అని, అయినా మానకుండా చేస్తూ వచ్చింది.

ఆనాడు అడిగాను. "పులుసులో ఏం వేశావమ్మా?"

"ఎప్పుడూ వేసేయే. ఉప్పెక్కువైందా?"

"నువ్వు రుచి చూశావా?"

"ఇవాళ సోమవారం కదా మావయ్యా. చుక్క కనపడేదాకా నీళ్ళు తప్ప ముట్టను."

అక్కడ మొదలైంది. తాను తినని రోజునే రుచి చెడిందని నా మనసు లెక్క కట్టింది. మంగళవారం కూడా అదే రుచి వచ్చినప్పుడు, ముందు తిన్న ముద్ద వేరు, నాకు పెట్టిన అన్నం వేరు అనుకున్నాను. ఆమె గిన్నె కడిగే తీరు చూశాను. అలమరలోని సీసాల మీద పేర్లు చదివాను. వీధి కుక్కకు నా కంచంలోని అన్నం వేసి మూడు రోజులు దాని నడక గమనించాను. కుక్క హుషారుగానే ఉంది. అయితే మెల్లగా పనిచేసేదేదో పెడుతున్నదన్నమాట అనుకున్నాను. రుజువు లేకపోవడమే రుజువుగా కనబడే దశ అది. నా వయసు వారెవరైనా ఇది చదువుతుంటే సిగ్గుపడకుండా గుర్తు పట్టండి.

చివరకు ఒక ఉదయం ఆమె పెట్టిన అన్నం, పులుసు స్టీలు డబ్బాలో సర్ది, సంచిలో దాచి, బస్సెక్కి మచిలీపట్నం వెళ్ళాను. గుడివాడలో అందరూ నన్ను మాస్టారుగా ఎరుగుదురు గనుక అక్కడ పని జరగదు. ఒక ల్యాబులో బల్ల మీద డబ్బా పెట్టాను. అక్కడి టెక్నీషియను నలభై ఏళ్ళ మనిషి.

"ఇదేంటండీ?"

"పరీక్ష చేయాలి. అందులో ఏం కలిసిందో నాకు కాగితం మీద కావాలి."

అతడు మూత తీసి వాసన చూశాడు. "మేం నెత్తురు, మూత్రం చూస్తామండీ. పులుసు చూడటం మాకు రాదు. మునక్కాడ మాత్రం బాగా ఉడికింది."

వరుసలో కూర్చున్న వాళ్ళు నవ్వారు. నేను వెనుదిరగబోతుంటే అతడు నవ్వు ఆపి నా ముఖం చూశాడు.

"మాస్టారూ, కళ్ళ కింద ఆ వాపు ఎన్నాళ్ళ నించి?"

నేను మాస్టారునని అతడికెలా తెలుసని అడిగాను. "మీ మాట తీరే చెబుతోంది కదండీ. ఇంత దూరం వచ్చారు, పులుసుని వదిలేసి మిమ్మల్ని చూద్దాం. చెయ్యి చాపండి."

సాయంత్రానికి కాగితం వచ్చింది. కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండవలసినది, ఆరు దాటింది. అతడికి ఆసుపత్రితో లోపాయికారీ ఒప్పందం ఉందనుకొని, మరునాడు ఇంకొక ల్యాబులో చనిపోయిన మా తమ్ముడి పేరు చెప్పి మళ్ళీ రక్తమిచ్చాను. మా తమ్ముడి క్రియాటినిన్ కూడా ఆరు దాటింది. ఇక ఇంట్లో చెప్పక తప్పలేదు. జబ్బు సంగతి చెప్పాను గాని, డబ్బా సంగతి చెప్పలేదు.

ప్రసాదు, కోడలు నన్ను గుడివాడలోనే కిడ్నీ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళారు. అల్ట్రాసౌండ్ చేశారు. ఆమె తెరను మా వైపు తిప్పి చూపించారు. "రెండు కిడ్నీల నిండా సిస్టులు, అంటే నీటి తిత్తులు. దీన్ని పాలిసిస్టిక్ కిడ్నీ అంటారండీ. పుట్టుకతో వచ్చేదే, వయసు మీద బయటపడుతుంది. మీ వంశంలో ఎవరికైనా ఉందా?"

"మా వంశంలో ఎవరికీ ఏ జబ్బూ లేదు" అన్నాను. అది అవమానంగా తోచింది.

"తలనొప్పి వచ్చి ఉన్నపళంగా పోయినవాళ్ళు? ఒళ్ళు ఉబ్బి పోయినవాళ్ళు?"

ఈమెకు మా ఇంటి సంగతులు ఎవరు మోశారని కోడలి వైపు చూశాను. ఆమె స్కాన్ కవరు మీద నా పేరు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నది. నేను అసలు అనుమానం వేరే మార్గంలో అడిగాను. "అన్నం ఇనుములా ఉంటున్నదండీ. ఎందువల్ల?"

"ఒంట్లో యూరియా పెరిగితే నోరు అలాగే ఉంటుంది. అమృతం పెట్టినా అలాగే ఉంటుంది."

ఆ రోజు ఇంటికి వచ్చి మా కుటుంబ బైబిలు తీశాను. మా సంఘాలలో బైబిలు మొదటి పుటల్లో పుట్టుకలు, బాప్తిస్మాలు, మరణాలు రాసుకోవడం అలవాటు. ముత్తాత దేవసహాయం, ప్రభువునందు నిద్రించెను. తాత, ప్రభువునందు నిద్రించెను. ఉప్పెనలో కొట్టుకుపోయిన మా నాన్నగారికి కూడా అదే మాట. నీటిలో పోయినవాడూ, తర్వాత నాకు తెలిసినట్లు జబ్బుతో పోయినవాడూ, ఉన్నపళంగా కూలినవాడూ ఆ పుటలో ఒక్కలాగే నిద్రపోతున్నారు. అంత భక్తిగా రాసిన పుటలో డాక్టరుకు పనికివచ్చే ముక్క ఒక్కటీ లేదు. అది దాచడానికే అలా రాశారేమోనని నాకు మొదటిసారి శంక కలిగింది.

మా మేనత్త సుగుణమ్మ గారికి అప్పటికి తొంభై మూడేళ్ళు. మచిలీపట్నంలో కూతురి దగ్గర ఉండేవారు. మా నాన్నగారికి చిట్టచివరి చెల్లెలు. వెళ్ళి, ముత్తాత ఎలా పోయాడని అడిగాను.

"ఇన్నాళ్ళకి అడిగేవంట్రా అబ్బాయ్. మీ నాన్న అడగనివ్వలేదు. మా మామ్మ మొగుడికి మందు పెట్టిందన్నార్రా."

మామ్మ అంటే మార్తమ్మ, నాకు తాతమ్మ. అత్తయ్య చిన్నతనం ఆమె ఒళ్ళోనే గడిచింది. విన్నది విన్నట్లు రాస్తున్నాను.

మార్తమ్మది కృష్ణకు ఆవలి గట్టు, రేపల్లె వైపు పల్లె. పెళ్ళయిన తర్వాత భార్యాభర్తలిద్దరూ దొరల చేత బాప్తిస్మం తీసుకున్నారు. ఒక కోతల రోజున ఆమె కళ్ళంలోకి అంబలి తీసుకెళ్ళింది. దేవసహాయం తాగి, తల పగిలిపోతున్నదని రెండు చేతులతో పట్టుకొని, వాంతి చేసుకొని పడిపోయాడు. పొద్దు గుంకక ముందే ప్రాణం పోయింది. అంతకు నాలుగు రోజుల ముందు అతడు ఆమెను కొట్టిన సంగతి పల్లెంతా ఎరుగును. మరుదులు అంబలి ముంత పట్టుకొని పాదిరి గారి దగ్గరకు వెళ్ళారు. సంఘం ఆమెకు బల్ల ఆపింది. అంటే ప్రభురాత్రి భోజనం ఇవ్వడం మానేసింది. తప్పు చేసిందని ఎవరూ తీర్పు చెప్పలేదు, చేయలేదనీ చెప్పలేదు. ఏడాది గడిచినా తీర్పు రాలేదు. నాట్లలో ఆమె పక్కన నిలిచే మనిషి లేకపోయింది. అయిదేళ్ళ కొడుకును చంకన వేసుకొని, పడవలో కృష్ణ దాటి దివిసీమకు వచ్చింది.

అక్కడ ఉన్న నాలుగు లూథరన్ కుటుంబాలు ఆమెను సంఘం మారేందుకు కావలసిన బదిలీ ఉత్తరం అడిగాయి. ఆవలి సంఘం ఇవ్వలేదు. ఉత్తరం రాలేదు గాని మాట మాత్రం ఏరు దాటి వచ్చింది. ఒకసారి సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమవిందుకు వంట మనుషులు తక్కువై ఆమెను పిలిచారు.

"విస్తళ్ళేశారంట. అన్నం పెట్టారంట. ఒక్కళ్ళూ చెయ్యి పెట్టలా. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటన్నారంట" అన్నారు అత్తయ్య. "మామ్మ కుండల దగ్గరికెళ్ళింది. ప్రతి కుండలోంచీ ఒక్కో ముద్ద తీసి, అందరి ముందూ నిలబడి తింది. తర్వాత మా నాన్నని కూచోబెట్టి అదే అన్నం పెట్టింది. అప్పుడు తిన్నారు. ఆనాటి నించి ఆ ఇంట్లో ఏ పూటా ముందు తినకుండా ఒకళ్ళకి పెట్టలా. కోడలికీ అదే నేర్పింది. నిన్ను అనేదాకా ఎందుకుంటావే, ముందే తిను అనేది."

ఇరవై ఏళ్ళు ఊడ్పులకు, దంపుళ్ళకు వెళ్ళి ఆమె కొడుకును మిషను బడి మాస్టరును చేసింది. ఆయన యాభై ఎనిమిదేళ్ళకు ఒళ్ళు ఉబ్బి, ఆయాసపడి పోయాడు. అప్పుడు అత్తయ్యకు ఎనిమిదేళ్ళు.

"ఆఖరి నెల్లో మా నాన్న మామ్మ పెట్టిన అన్నం తోసేశాడ్రా. ఇనుం నాకినట్టుందే అన్నాడు. మామ్మ ముందు తిని చూపించింది. అయినా తినలా. కన్న కొడుకు. ఆమె మొహం నేను చూశాను."

నా నోటి మాట, ఇనుము మాట, ఎనభై అయిదేళ్ళ క్రితం మా తాత నోట పలికింది. మార్తమ్మ ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ఎవరి మీదా కోపం చూపలేదట. ఆ మాట నేను పూర్తిగా నమ్మను. అత్తయ్యకు మామ్మ మీద అంత ప్రేమ.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టి విన్నారు. "ఇన్నేళ్ళ తర్వాత తేల్చి చెప్పలేనండీ. కానీ ఈ జబ్బున్న కొందరికి మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లుతుంది. మీరు చెప్పినట్టే పోతారు. మీ తాతగారిది మాత్రం ఇదే జబ్బు, నాకు పెద్దగా సందేహం లేదు." తర్వాత ప్రసాదు వైపు తిరిగారు. "తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. మీరు స్కాన్ తీయించుకోండి."

వాడు నెలన్నర వాయిదా వేశాడు. నేనూ తొందర పెట్టలేదు. తెలియకుండా ఉంటే లేకుండా పోతుందన్నట్లు ప్రవర్తించాము. చివరికి కోడలే వాడి బండి తాళం దాచింది. "స్కాన్ కాయితం తెస్తే తాళం ఇస్తా. లేదంటే చెరువులకి నడిచెళ్ళు." వాడికీ సిస్టులు ఉన్నాయి. చిన్నవి, బీపీ మాత్రం అప్పటికే ఎక్కువగా ఉంది. మాత్రలు మొదలుపెట్టారు. మెదడుకు కూడా స్కాన్ చేయించారు, అందులో ఏమీ లేదు. నా మనుమరాలికి తొమ్మిదేళ్ళు. ఇప్పుడే పరీక్ష వద్దు, బీపీ చూస్తూ ఉండమన్నారు.

నాకు డయాలిసిస్ మొదలైంది. మెడలో వేసిన గొట్టానికి ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. డయాలిసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన మొదటి ఫిస్టులా మూసుకుపోయింది, రెండవది నిలిచింది. ఆ పదకొండు రోజులలో ఒక మధ్యాహ్నం కోడలు ఇడ్లీ తెచ్చి, అలవాటు చొప్పున ముందు ఒక ముక్క తుంచుకుంది. నేను చేయి పట్టి ఆపాను. డబ్బా సంగతి చెప్పేశాను. కుక్క సంగతి కూడా చెప్పాను.

ఆమె ఇడ్లీ ముక్కను చట్నీలో అద్దుతూ అన్నది. "నాకు తెలుసు మావయ్యా. ఆ ల్యాబాయన మా ఊరోడే, మా పెదనాన్న కొడుకు. డబ్బా అడుగున నా పేరు చెక్కుంది కదా. ఆ రోజు పొద్దుగూకేసరికే ఫోన్ చేశాడు."

"మరి ఇన్ని నెలలు ఒక్క మాట అనలేదేమమ్మా?"

"అంటే మీరు నా చేతి అన్నం మానేస్తారు. ఇంకెవరు పెడతారు? కోపం రాలేదనుకున్నారా, చచ్చేంత వచ్చింది. ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ అన్న రోజున మాత్రం కసిగా తగ్గించా."

నేను క్షమించమన్నాను. "ముందు తినండి, చల్లారిపోతోంది" అన్నదే గాని క్షమించానని అనలేదు. ఇప్పటికీ అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుంటాను. రోజుకు తాగవలసిన నీరు ఒక సీసాలో కొలిచి పెడుతుంది. అందులో తక్కువ పోసిందేమోనని ఒక్కొక్కసారి వెలుగుకెత్తి చూస్తాను. "గీత దాకా ఉన్నాయా మావయ్యా?" అని వంటింట్లో నుంచే అడుగుతుంది. మొదటి ముద్ద ఆచారం మా ఇంట మానివేశాము. బైబిలు పుటలో ప్రతి పేరు పక్కన తెలిసినంత వరకు జబ్బు పేరు రాశాను. మార్తమ్మ పేరు పక్కన, ఎనభై దాటి వృద్ధాప్యం వల్ల, నిర్దోషి అని రాశాను. సంఘం రాయవలసినది నేను రాశానని మా పాదిరి గారు కొంచెం నొచ్చుకున్నారు.

చదివేవారికి నేను చెప్పగలిగినది ఒక్కటే. మీ ఇంటి పెద్దలు ఎలా పోయారో, ఏ వయసులో, ఏ బాధతో పోయారో తెలుసుకొని ఆ కాగితం డాక్టరుకు చూపించండి. నలభై లోపు బీపీ వచ్చినా, ఇంట్లో ఇటువంటి మరణాలున్నా ఒక అల్ట్రాసౌండ్, ఒక క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. సమాధిరాళ్ళనూ, పుస్తకాలనూ నమ్మకండి. ఇంట్లో అందరికంటే ముసలి స్త్రీని అడగండి, ఈ వారమే వెళ్ళి అడగండి. నేను వెళ్ళి వచ్చిన రెండు నెలలకు మా అత్తయ్య పోయారు.