జైల్లో ఉండి కువైట్‌లో ఉన్నానన్న నన్ను దేవుడు పట్టించిన తీరు

సహోదరులారా, కర్ణాటక మందు సీసాలు చీరల మూటలో దాచి తెస్తూ పట్టుబడి చిత్తూరు జైలుకు పోయినప్పుడు, మా అక్క రాహేలుకు ఆ మాట చెప్పే ధైర్యం లేక, కువైట్‌లో వంటపనికి పోయినానని పక్కింటామె చేత కబురు పంపినాను. మా అక్క సంతోషం పట్టలేక నా పేరున స్తుతి కూడిక పెట్టించి సంఘమంతటికీ పరమాన్నం పెట్టిందంట.

నాకేమో జైల్లో నెలసరి రక్తస్రావం మొదలైంది. మూడు రోజుల్లో ఆగాల్సింది ముప్పై రోజులైనా ఆగలేదు, నిద్ర కరువైంది, గోడతో మాట్లాడేదాన్ని, గోడ కూడా విసుక్కునేది. పక్క చాప మీద ఉండే మునెమ్మక్క, పలమనేరు మనిషి, రోజూ పోరు పెట్టేది.

"జైలు డాక్టరమ్మ తిరుపతి ఆస్పత్రికి రాసిచ్చింది గదనే, ఎందుకు పోవు?"

"పోలీసు వ్యాన్‌లో ఎవురన్నా చూస్తారక్కా."

"చస్తే అందరూ చూస్తారులే, పూలు గూడా ఏస్తారు."

ఆ మాటకు భయపడి ప్రార్థించినాను: "ప్రభువా, నన్ను బాగుచెయ్యి, ఎవురి కంటా పడనీయొద్దు. రెండోది కుదరకపోతే మొదటిది కూడా వద్దు."

చివరికి ఒప్పుకుని వ్యాన్ ఎక్కినాను. తిరుపతి చేరేసరికి ముఖానికి కొంగు ఎన్ని చుట్లు చుట్టినానో, రోగం కంటే ముందు ఊపిరాడకే పోతాననుకున్నాను. ఆస్పత్రి వరండాలో ఊరంత జనం, ఆ జనంలో మోకాళ్ళ నొప్పికి చీటీ పట్టుకుని మా అక్క. నడక చూసి పోల్చేసింది.

"ఏమే, కువైట్‌లో గూడా ఈ పాత చీరేనా? ఈ ఖాకీ ఆడోళ్ళెవురు, మీ సేట్లా?"

"జైల్లో ఉండానక్కా. మందు తెస్తా దొరికిపోయినాను. రక్తం పోతాండాది, ఆగడంలేదు."

అక్క చేతిలో చీటీని కొంగున ముడేసుకుంది. ఆపైన కానిస్టేబులమ్మను, "నేను గూడా దీని పక్కన కూచోవచ్చునా తల్లీ?" అని అడిగింది. ఆమె జరిగి చోటిచ్చింది. ఎన్నో రోజుల తర్వాత అక్క భుజం మీద నిద్రపోయినాను సహోదరులారా! గురక పెట్టినానని కానిస్టేబులమ్మ అంటుంది, నేనొప్పుకోను.

గర్భసంచిలో గడ్డ ఉండాదని తేలింది. ఆస్పత్రి డాక్టరమ్మ నిమ్మకాయంత అనింది, నేను గుమ్మడికాయంత అనే చెప్తాను. ఆపరేషన్ అయింది, రక్తం ఆగింది, శిక్ష తీరి ఇంటికొచ్చినాను. అడిగిన రెండింట్లో ప్రభువు ఒకటే ఇచ్చినాడు, ఇవ్వని ఆ రెండోదే నాకు నిద్రను, అక్కను తిరిగి తెచ్చింది. దేవునికే మహిమ.

నొప్పి దాచుకుని కూర్చున్న అక్కలారా, ఆయనకు చెప్పుకోండి, డాక్టరుకూ చెప్పండి. ఒక్కరే పోవడానికి జంకేవాళ్ళు సోమవారం పొద్దున చర్చి గేటు కాడికి రండి, నేనూ మా అక్కా ఆటో మాట్లాడి పెట్టినాము.