చైనాటౌన్ బస్సులో నా మెయిల్ తాళాలు పంచిపెట్టాను

ఆ శనివారం వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి న్యూయార్క్ బయల్దేరడానికి కారణం కంగారే. సోమవారం చెన్నైలో మా ఆవిడకీ, పిల్లకీ వీసా ఇంటర్వ్యూ. పాస్‌పోర్ట్ కాపీలూ, అపాయింట్‌మెంట్ లెటరూ అన్నీ నా మెయిల్లో ఉన్నాయి. ఆదివారం ఆవిడ నెట్ సెంటర్‌కెళ్లి ప్రింట్ తీసుకోవాలి. ఇంట్లో కూర్చుని గోళ్లు కొరుక్కునే బదులు ఊరు చూద్దామనుకున్నాను.

పొద్దున ఆరింటికి లోకల్ బస్సెక్కి, మెట్రో మారి, వాషింగ్టన్ డీసీ చైనాటౌన్ చేరేసరికి ఎనిమిది. న్యూయార్క్ బస్సుకి ఇరవై డాలర్లు, అక్కడే కొనుక్కోవచ్చు. పక్కసీట్లో అరవై దాటిన పెద్దాయన, ఒళ్లో పులిహోర డబ్బా.

"తెలుగువాళ్లేనా బాబూ? ఏ ఊళ్లో పుట్టావ్?"

చెప్పాను.

"అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు?"

చెప్పాను. చిన్నప్పటి బడి అడిగితే అదీ, ఫొటోలు పంపిస్తానంటే ఈమెయిల్ అడ్రసూ చెప్పాను. చుట్టరికం తవ్వకుండా మనవాళ్లు పక్కన కూర్చోలేరు కదా! ఆయన అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

దారిలో డెలావేర్‌లో పావుగంట ఆపారు. కాఫీ రెండు డాలర్లు, గిన్నెలు కడిగిన నీళ్లు నయం. పెద్దాయన దూరంగా నిలబడి, పుస్తకం చూస్తూ, నా వివరాలన్నీ ఎవరికో ఫోన్లో చదువుతున్నాడు. పాస్‌వర్డ్ మర్చిపోయానంటే మెయిల్ వాడు అడిగేది సరిగ్గా ఆ మూడు ప్రశ్నలే!

నాకెలా తెలుసంటే, ఆ వెధవపని నేనే చేశాను. పోయినేడాది మా రూమ్మేట్ సుధాకర్ మెయిల్లోకి ఇలాగే దూరి, "ఆదివారం మా ఇంట్లో పీతల పులుసు" అని అందరికీ కొట్టాను. వాడు వెల్లుల్లి కూడా ముట్టడు. ఇరవైమంది డబ్బాలతో దిగారు. నాకు పట్టింది మూడు నిమిషాలు.

నా ఫోన్లో నెట్ ప్లాన్ లేదు. "బస్‌లో ఇంటర్నెట్ ఉందా?" అని డ్రైవర్ని అడిగాను.

"నో ఇంటర్నెట్. బాత్రూమ్ ఉంది."

సుధాకర్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చమందామంటే, వాడి చేతికి నా మెయిలా? మిగతా దారంతా పెద్దాయన నా భుజం మీద నిద్రపోయాడు. జేబులోంచి పుస్తకం లాగేద్దామనుకున్నాను. ఆయన కదిలేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పన్నెండున్నరకి దిగి, ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ షాపులోకి పరిగెత్తాను. అరగంటకి రెండు డాలర్లు. పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. ప్రాణం పోయింది. మళ్లీ ఒక్కో అక్షరం చూసుకుని కొట్టాను, తెరుచుకుంది. లెటర్ ఉంది. పాస్‌వర్డూ, ఆ ప్రశ్నల జవాబులూ మార్చేసి మా ఆవిడకి ఫోన్ చేశాను.

"మళ్లీ ఏం వెధవపని చేశారు?" అంది. కొత్త పాస్‌వర్డ్ రాసుకుంది.

బయటికొస్తే పేవ్‌మెంట్ మీద పెద్దాయన, అల్లుడి కారు కోసం చూస్తున్నాడు. "దొరికిందయ్యా చుట్టరికం! మా చెల్లెలు నీకు పిన్ని వరస. మాట్లాడు," అని ఫోన్ చేతిలో పెట్టాడు.

"బాగున్నావా నాన్నా? మీ ఆవిడ పేరేంటి? పాప పుట్టినరోజెప్పుడు?" అందావిడ.

సిగ్నల్ లేదని చెప్పి ఫోన్ ఇచ్చేశాను.

ఆవిడ నిజంగా పిన్నే అయ్యుంటుంది. ఆయనకి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదేమో. అయినా ఆ పుస్తకం ఏ బస్సులో మర్చిపోతాడో, ఎవడి చేతిలో పడుతుందోనని ఇప్పటికీ గుబులే. నేను భయపడింది ఆయనకి కాదు, ఆ పుస్తకం దొరికే నాలాంటి వాడికి.

ప్రయాణం కట్టేముందు ఒక పని చేయండి. మెయిల్ వాడు అడిగే ప్రశ్నలకి అబద్ధాలు చెప్పి, ఆ అబద్ధాలు కాగితం మీద రాసి ఇంట్లో దాచుకోండి. మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు ఇప్పుడొక కూర పేరు. ఏ కూరో మాత్రం అడక్కండి.