పైచూపు మెడలో సందు

ఇరవై ఆరేళ్లుగా అతను పైకి చూస్తూ బతికాడు. గదుల పైకప్పులకు రంగు వేయడం అతని పని. గోడలకు ఎవరైనా వేస్తారు, పైకప్పుకు వేయాలంటే మెడ కావాలి అనేవాడు. వీధిలో కూడా తల కాస్త ఎత్తే నడిచేవాడు కాబట్టి తోటి పనివాళ్లు ‘పైచూపు’ అని పేరు పెట్టారు. కోపం వస్తే భార్య కూడా అలాగే పిలిచేది.

పనిలో దిగాడంటే అతనిది వేరే లోకం. కిటికీ వెలుగులో తడి తెలుపు మెల్లగా ఆరుతుంటే, చూస్తూ చూస్తూ అన్నం సంగతే మరిచిపోయేవాడు. పాత ఇళ్ల చెమ్మ మరకల్లో అతనికి దీవులు, తీరాలు కనిపించేవి. వాటి మీద లప్పం పూసి చదును చేసేముందు, వీడ్కోలు చెప్పినట్టు ఒక్క క్షణం ఆగేవాడు.

ఒక మధ్యాహ్నం బడి లైబ్రరీలో పని చేస్తుండగా నిచ్చెన కాలు జారింది. పెద్ద ఎత్తేమీ కాదు, నాలుగు మెట్లు. కానీ తల బీరువాకు కొట్టుకుని మెడ వెనక చురుక్కుమంది.

“ఏం కాలేదండీ” అంటూ లేవబోయాడు.

“కదిలారో, నా మీద ఒట్టే!” అంది లైబ్రేరియన్. అంబులెన్సు వచ్చేదాకా అతని తల పక్కనే కూర్చుంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసిన మనిషి ఫిల్ము చూసి గబగబా బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు గట్టి కాలర్ తెచ్చి మెడకు బిగించాడు. “మెడలో మొదటి ఎముక వెనక వైపు విరిగినట్టుంది. స్కానింగు అయ్యేదాకా తల తిప్పకండి.”

తలకు రెండు పక్కలా దిండ్లు పెట్టారు. ఇక కనిపించేది పైకప్పు ఒక్కటే. ఎవరో తొందరపడి వేసిన రంగు. ఫ్యాను చుట్టూ చుక్కలు అలాగే ఆరి గట్టిపడ్డాయి. భయం వేయకపోవడమే అతనికి వింతగా తోచింది. అడుగుల చప్పుడు, మాటలు నీటి అడుగు నుంచి వింటున్నట్టు వచ్చాయి. కాసేపటికి మంచం తేలుతున్నట్టు, ఆ తెల్లటి మైదానంలోకి తాను తలకిందులుగా దిగబోతున్నట్టు అనిపించింది.

“రబ్బరు వేయించమని ఎన్నిసార్లు చెప్పాను ఆ నిచ్చెనకి! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!”

భార్య వచ్చేసింది. గొంతు గద్దిస్తూనే ఉంది, చెయ్యి మాత్రం దుప్పటి కింద అతని కాలి బొటనవేలు వెతుక్కుంది.

“తెలుస్తోందా?”

“తెలుస్తోంది. నీ గోరు గుచ్చుకుంటోంది.”

అప్పుడు ఏడ్చింది ఆవిడ. వెనకే వచ్చిన అతని తల్లి మంచం పట్టీ పట్టుకుని నిలబడిపోయింది.

సాయంత్రానికి స్కానింగు అయింది. చిన్న వయసు డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది.

“విరగలేదండీ. తలని మోసే ఆ ఎముక ఉంగరంలా ఉంటుంది. చిన్నతనంలో రెండు పక్కల నుంచీ ఎముక పెరుగుతూ వచ్చి వెనక కలుసుకోవాలి. మీకు కలవలేదు, సన్నటి సందు మిగిలిపోయింది. ఇప్పుడు విరిగితే అంచులు గరుకుగా ఉండేవి. మీవి నున్నగా ఉన్నాయి. నూటికి ముగ్గురు నలుగురికి ఇలాగే ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదు.”

తర్వాత మెడ వంచి, ఎత్తి మళ్లీ ఎక్స్‌రేలు తీశారు. ఎముకలు పట్టు తప్పలేదు, నొప్పి బెణుకుదే.

అందరూ ఊపిరి పీల్చుకున్నాక తల్లి నోరు విప్పింది. ఆమె ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టేది.

“వీడు కడుపులో ఉన్నప్పుడు నెలలు నిండేదాకా మిషను మీద వంగే ఉన్నానమ్మా. అందుకేనా?”

“అస్సలు కాదమ్మా. మీరు చేసిందేం లేదు.”

ఆమె నమ్మినట్టు కనబడలేదు. అతనే అన్నాడు: “ఏమ్మా, సందున్న మెడతోనే ఇన్నేళ్లు తలెత్తుకు బతికాను కదా, ఇంకేం కావాలి?”

భార్యకు ముందు నవ్వొచ్చింది. తల్లికి తర్వాత.

ఇంట్లో విశ్రాంతిగా ఉన్న మూడు వారాలూ తల్లి రోజూ అతని పక్కనే కూర్చునేది. ఫ్యాక్టరీ షెడ్డుకు పైన గాజు పలకలుండేవని, మెడ లాగినప్పుడల్లా మబ్బులు చూసేదాన్నని చెప్పింది. నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి విన్నాడు ఆ మాట. “ఏ రంగు మబ్బులు?” అని అడిగాడు. ఆమె పైకప్పు వైపు చూసి, “బూడిద రంగే ఎక్కువ. ఒక్కోసారి అంచు వెలిగేది” అంది.

డాక్టరమ్మ పనికి పొమ్మంది గానీ మెడకు దెబ్బ తగలనివ్వద్దని మరీ మరీ చెప్పింది. అతను నిచ్చెన మానేసి, చుట్టూ కమ్మీలున్న పరంజా కట్టించుకున్నాడు.

తర్వాత ఒప్పుకున్న మొదటి పని ఒక పళ్ల డాక్టరు గది. పని ముగించి, బ్రష్షులు కడిగి, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. లోపలికి వచ్చిన డాక్టరు కంగారుపడ్డాడు.

“అయ్యో, ఏమైందండీ?”

“ఏం లేదు సార్. ఇక్కడికొచ్చేవాళ్లు పడుకునే కదా చూడాలి? దీపం పక్కన చిన్న గీత మిగిలింది. ఉండండి, లేస్తా.”