టర్నర్ లాజరు ఇంటిపేరు

కలపాల లాజరుది పామర్రు పక్కన పల్లె. మీసాలు రాకముందే విజయవాడ వచ్చి, ఆటోనగర్‌లో లేత్ మిషను పని నేర్చుకున్నాడు. లారీ ఇరుసులు సాపు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. పటమటలో వాళ్లు వెళ్లే చర్చిలో ఇంకో లాజరు ఉండేవాడు, రైల్వే గార్డు. ఇద్దరూ కలిసిపోకుండా జనం ఆయన్ని గార్డు లాజరనీ, ఈయన్ని టర్నర్ లాజరనీ పిలిచేవారు.

కూతుర్ని బళ్లో వేసిన రోజున లాజరుకు డ్యూటీ. వెంట వెళ్లిన పక్కింటాయన, ఇంటిపేరు అడిగితే తెలిసినదే చెప్పాడు. అలా పిల్ల స్టెల్లా టర్నర్ అయింది. తర్వాత మార్పిద్దామంటే అది ఒప్పుకోలేదు.

“కలపాల అంటే, పాలు కలపాలా అని ఏడిపిస్తారు నాన్నా. ఇదే బాగుంది.”

తొంభై ఎనిమిదిలో, స్టెల్లా డిగ్రీ చదువుతుండగా, ఇంగ్లండు నుంచి ఒక రిటైరైన నర్సు వాళ్ల చర్చి చూడటానికి వచ్చింది. ఆమె పేరు మిస్ టర్నర్. పాస్టరు సంజీవరావు గారికి ఉత్సాహం ఆగలేదు. ఆరాధన కాగానే లాజరును ముందుకు పిలిచి, “మీ ఇంటిపేరు వాళ్లేనమ్మా” అని పరిచయం చేశారు.

లాజరు చెవులు వేడెక్కాయి. ఆమె నవ్వుతూ, మీ తాతగారిది ఏ ఊరని అడిగింది. స్టెల్లా ఆ మాట తండ్రికి తెలుగులో చెప్పింది.

“నిజం చెప్పెయ్యమ్మా,” అన్నాడు లాజరు. “ అది ఇంటిపేరు కాదు, నా పని. లేత్ పట్టేవాణ్ణి టర్నర్ అంటారని చెప్పు.”

స్టెల్లా తలవంచుకుని చెప్పింది. మిస్ టర్నర్ చిన్నబుచ్చుకోలేదు సరికదా, గట్టిగా నవ్వింది. తమదీ అంతేనట. కొన్ని వందల ఏళ్ల కిందట వాళ్ల దేశంలో కాలితో తొక్కే యంత్రం మీద చెక్కను తిప్పి గిన్నెలు చేసేవాణ్ణి టర్నర్ అనేవారట. కొడుకులు పని మానేసినా పేరు మాత్రం వదల్లేదట.

“ఆ యంత్రం మన లక్కబొమ్మలవాళ్లు కర్ర తిప్పి చెక్కే తరిమెన లాంటిదన్నమాట,” అన్నాడు లాజరు. “మరి వీళ్లింట్లో ఇప్పుడెవరికన్నా పని వచ్చా?”

ఎవరికీ రాదంది ఆమె. తాను లేత్‌ను దగ్గర్నుంచి చూడనే లేదంది.

మర్నాడే ఆటోనగర్ తీసుకెళ్లాడు. కొంగూ గింగూ లేని గౌనే కాబట్టి భయం లేదన్నాడు గానీ, జుట్టుకు గుడ్డ మాత్రం కట్టించాడు. మిషనుకు ఇత్తడి కడ్డీ బిగించి, ఆమె చేతిని చక్రం మీద పెట్టించి, పైన తన చెయ్యి వేశాడు. ఇత్తడి సన్నటి ఉంగరాలుగా చుట్టుకుంటూ రాలింది. ఆమె కళ్లు చెమర్చాయని స్టెల్లా తర్వాత తల్లితో చెప్పింది.

“ఇంకాస్త మెల్లిగా తిప్పండమ్మా,” అన్నాడు లాజరు తెలుగులోనే. ఆమె మెల్లిగా తిప్పింది.

అరగంట కష్టపడితే ఒక బొంగరం తయారైంది. కాస్త వంకర. సరిచేసి ఇస్తానన్నా ఆమె ఇవ్వలేదు, అలాగే పట్టుకెళ్లింది.

ఆ రోజు నుంచి స్టెల్లాకు తన పేరు మీద సిగ్గు పోయింది, గొప్పా పోయింది. ఎవరడిగినా “మా నాన్న పని” అని చెప్పేసేది. రెండువేల మూడులో బ్యాంకు ఉద్యోగం వచ్చాక బల్ల మీద ఆ పేరే పెట్టించుకుంది.

“మేకు కొట్టడం కూడా రాదు, దీనికి టర్నరని పేరెందుకండీ?” అంది తల్లి మార్త.

లాజరు అప్పటికి పని మానేసి, నడుముకు వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చునున్నాడు.

“పేరు ఉంచుకోనీవే,” అన్నాడు. “నడుం నొప్పి నాకు చాల్లే.”