నాన్న క్లారినెట్ వాయించని ఆదివారం

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు జీతం కంటే పరువు ఎక్కువగా ఉండేది. మంగళగిరిలో ఒక ఆఫీసు, మెడలో ఐడీ కార్డు, ఒంటిగది అద్దె ఇల్లు. ఆ కార్డు మెడలో వేసుకున్న మర్నాటినుంచే నేను గుంటూరు మిర్చియార్డు పక్క వీధిలో పుట్టలేదన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాను. మా నాన్న పగలు యార్డులో మిరప టిక్కీలు, అంటే బస్తాలు, తూకం వేయించేవాడు, ముహూర్తాల రోజుల్లో పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. "ఆ ఘాటులో ఊపిరి నిలిపినోడికి ఈ గొట్టం ఊదటం ఒక లెక్కా!" అనేవాడు. ఆఫీసులో మాత్రం నేను "మా ఫాదర్ మ్యూజిక్ టీచర్" అని చెప్పాను. (పూర్తిగా అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకసారి చిన్నాన్నకి డోలు పట్టుకోవడం నేర్పాడు కదా!)

ఆ ఏడాది చలికాలంలో హైవే పక్కన పెద్ద మైదానంలో శని, ఆదివారాలు సంగీతోత్సవం పెట్టారు. టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. అమ్మానాన్నలని రమ్మని ఫోన్ చేశాను. అమ్మ పులిహోర, జంతికలు, రెండు దుప్పట్లతో దిగింది. నాన్న అనుమానంతో దిగాడు. "ఊరికే ఇంతమందికి పాట ఎందుకు వినిపిస్తారే అమ్మాయ్? ఆఖర్న స్టీలు గిన్నెలు అమ్ముతారేమో చూడు" అన్నాడు. గిన్నెలు ఎవరూ అమ్మలేదు. వీణ వచ్చింది, జానపదాలు వచ్చాయి, గిటారు పట్టుకున్న కుర్రాళ్ళు వచ్చారు. చిక్కల్లా నాన్న కూర్చోలేకపోవడమే. ముప్పై ఏళ్ళు ఊరేగింపు ముందు నడుస్తూ వాయించిన మనిషి, దరువు వినపడగానే కాళ్ళు వాటంతటవే లేచేవి. శనివారమంతా మైదానం చుట్టూ నడుస్తూనే విన్నాడు. "కాస్త కుదురుగా కూర్చోవయ్యా, జనం చూస్తన్నారు" అని అమ్మ, "నన్నేం చూస్తారే, ఆ వీణమ్మని చూస్తన్నారు" అని నాన్న.

ఆ సాయంత్రం మైకులో ఒక ప్రకటన వినిపించింది. ఆదివారం నాలుగింటికి చిన్న వేదిక మీద వాయించడం వచ్చినవాళ్ళెవరైనా ఒక పాట వాయించవచ్చట. నాన్న నడక ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే లేచి మొదటి బస్సుకి గుంటూరు వెళ్ళి పదింటికల్లా తిరిగొచ్చాడు. చేతిలో క్లారినెట్ పెట్టె, భుజాన ఇస్త్రీ చేసిన బ్యాండు కోటు. ఎర్రది. భుజాల మీద బంగారు జాలర్లు, వీపు మీద బ్యాండు పేరు, ఫోన్ నంబరుతో సహా.

ఆ సాయంత్రం మా ఆఫీసు వాళ్ళు, టీమ్ లీడర్ మేడమ్‌తో కలిపి ఐదుగురు, వస్తున్నారు. "నాన్నా, కోటెందుకు?" అన్నాను. "కోటు లేకుండా వాయిస్తే ఊపిరి అందదే" అన్నాడు నవ్వుతూ. ఆయన స్నానానికి వెళ్ళగానే పెట్టె తెరిచాను. క్లారినెట్‌కి మూతి దగ్గర బిగించే సన్నని బద్ద ఉంటుంది, రీడు అంటారు. అది లేకపోతే క్లారినెట్ ఉత్త గొట్టమే. బిగించి ఉన్నది తీశాను. బట్ట మడతలో దాచుకున్న రెండు కూడా తీశాను. (పని సగంలో వదిలే అలవాటు నాకు లేదని నా అప్రైజల్‌లో కూడా రాశారు.) మూడింటినీ నా హ్యాండ్‌బ్యాగు జిప్పు అరలో పెట్టాను.

నాలుగింటికి ఆఫీసు వాళ్ళు వచ్చారు. దూరం నుంచే ఎర్రకోటు కనపడి ఉంటుంది. నేను నోరు తెరిచేలోపే నాన్న చేతులు జోడించాడు. "నమస్తే అమ్మా. నేను పెళ్ళిళ్ళలో వాయిస్తానండి. మా అమ్మాయి చెప్పే ఉంటది."

మేడమ్ నా వైపు చూడను కూడా లేదు. "అయ్యో అంకుల్, మా పెళ్ళిలో బ్యాండు పెట్టలేదని మా అమ్మమ్మ ఇప్పటికీ తిడుతుందండి! ఇవాళ మీరు వాయిస్తారా? వీడియో తీసి ఆవిడకి పంపిస్తాను" అంది. మిగిలినవాళ్ళు కోటుతో ఫొటోలు దిగారు. ఒకతను ఆ జాలర్లు పట్టుకుని చూసి, "సూపర్ ఉందండీ" అన్నాడు. నాన్న ముఖం వెలిగిపోతోంది. రీడ్లు నా భుజానే ఉన్నాయి, జిప్పు లాగితే చాలు. కానీ లాగి ఏమని చెప్పను? ఇక్కడికెలా వచ్చాయంటే ఏమనను? "దొరికాయి నాన్నా" అన్న రెండు మాటల అబద్ధం కూడా ఆ క్షణంలో నాకు తోచలేదు. అంతకుముందు ఎన్ని అబద్ధాలు ధారాళంగా వచ్చాయో!

పేరు పిలిచారు. నాన్న వేదికెక్కి పెట్టె తెరిచాడు. బట్ట విప్పాడు, దులిపాడు, మళ్ళీ విప్పాడు. కోటు జేబులు, చొక్కా జేబులు బయటికి తీశాడు. కింద నుంచి అమ్మ, "పొద్దున్న చూసుకోలేదా? మతిమరుపు మనిషీ!" అని అరిచింది. నాన్న మైకు దగ్గరికి వచ్చాడు. "రీడు మర్చిపోయొచ్చానండి. పెద్దోణ్ణయిపోయాను. ఏమీ అనుకోకండి" అన్నాడు. జనం జాలిగా చప్పట్లు కొట్టారు. దిగి వచ్చి దుప్పటి మీద కూర్చున్నాడు. తర్వాత ఎవరు ఏం వాయించినా లేవలేదు.

ఆ రాత్రి రీడ్లు తిరిగి బట్ట మడతలో పెట్టేశాను. వారానికి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, బట్టలోనే ఉన్నయ్యే! మూడుసార్లు చూశాను గదా, కనపళ్ళా." తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు చేయించుకున్నాడు. ఆనక ఏ పెళ్ళికి బయల్దేరినా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి పెట్టె తెరిచి చూసుకునేవాడట. ఒక్కోసారి రెండుసార్లు. అమ్మ నవ్వుతూ చెబుతుంటే నేను ఫోన్ పెట్టేసేదాన్ని. ఇంతలో పెళ్ళిళ్ళలోకి డీజే బండ్లు వచ్చాయి. నాన్న ముందు పళ్ళు రెండు ఊడాయి. పళ్ళు లేకపోతే క్లారినెట్ పలకదు. నా ముందు మళ్ళీ వాయించమని నేను అడిగే రోజు రానేలేదు.

పోయిన నెల గుంటూరు వెళ్ళినప్పుడు, పదేళ్ళ తర్వాత, టీ తాగుతూ చెప్పేశాను. నాన్న గ్లాసు కింద పెట్టాడు. "నాతో అంటే సరిపోయేది గదే. మానేసేవాణ్ణి" అన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో ఆయన ఏదో తట్టినట్టు లేచి వంటింటి వైపు అరిచాడు. "ఏమేవ్, ఇన్నావా! నాకు ఆనాడు మతిమరుపు లేదంట! అదే తీసిందంట!" ఆ గొంతులో కోపం లేదు, పండగ ఉంది. పదేళ్ళు తన బుర్రనే అనుమానించుకుంటూ బతికాడన్నమాట.

ఆ ఇరవైమూడేళ్ళ పిల్లని ఇప్పుడు తలుచుకుంటే తిట్టాలనిపిస్తుంది, అంతలోనే నవ్వూ వస్తుంది. అంత మైదానంలో అంత జనమూ తననే చూస్తున్నారనుకుంది పాపం. వాళ్ళు పాట వినడానికి వచ్చారు.